నల్లరేగడి కథ – 9: గిత్తల బరి, మోటారు బాట

2018 నవంబరు 16 నుంచి 18 దాకా విజయవాడ దగ్గర కృష్ణానదిలో ఫార్ములా వన్ పవర్‌బోట్ల ప్రపంచ పోటీ జరిగింది. అమరావతి పేరుతో ఒక జట్టు కూడా అందులో దిగింది. దాని తరఫున పడవ నడిపినవాళ్ళలో ఒకడు స్వీడన్‌కు చెందిన యోనాస్ ఆండర్సన్. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదు హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఎలక్ట్రిక్ కార్ల ఫార్ములా ఈ పందెం జరిగితే ఫ్రాన్సు డ్రైవరు జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. రెండింటికీ జనం వచ్చారు, చూశారు, వెళ్ళిపోయారు. కృష్ణలో పడవల పందెం మళ్ళీ జరగలేదు. హైదరాబాదులో 2024 ఫిబ్రవరికి అనుకున్న రెండో పోటీ రద్దయింది. గుంటూరు, ప్రకాశం జిల్లాల ఊళ్ళలో మాత్రం సంక్రాంతికీ, శివరాత్రికీ, ఊరి తిరునాళ్ళకూ ఒంగోలు గిత్తల బండలాగుడు పోటీలు జరుగుతూనే ఉన్నాయి. వాటిని నడిపే ప్రపంచ సమాఖ్య లేదు, పెద్ద కంపెనీల పెట్టుబడీ లేదు. అయినా ఎండలో నిలబడి, తెల్లారిందాకా మేలుకుని చూసే జనం ఉన్నారు. ఈ తేడా ఎందుకొచ్చిందన్నదే ఈ భాగంలో తేల్చుకోవలసిన ప్రశ్న. నా వాదన ఇది: పందెం మీద అభిమానం డబ్బు పోసి తెప్పిస్తే వచ్చేది కాదు. పందెంలో పరిగెత్తేది ఎద్దయినా యంత్రమైనా, దాన్ని చేత్తో ఎరిగిన జనం ఉన్నచోటే అది పుడుతుంది, అక్కడే నిలుస్తుంది. ఈ నేల మీద పుట్టిన అభిమానం మోటారు పందేల అభిమానానికి సొంత తోబుట్టువు. ఆ మాటకు రుజువు మరో నల్లరేగడి నేల మీద, కోయంబత్తూరు తెలుగువాళ్ళ దగ్గర దొరుకుతుంది.

హైదరాబాదు పందెం ఆగింది జనానికి ఇష్టం లేక కాదు, 2023 డిసెంబరులో ప్రభుత్వం మారి ఒప్పందం చెడి ఆగింది అని వెంటనే అనవచ్చు. నిజమే. కానీ ఒక ప్రభుత్వం సంతకంతో వచ్చి, మరో ప్రభుత్వం వద్దంటే పోయే పందేనికి వేళ్ళు ఎంత లోతున ఉన్నట్టు? ఎద్దుల పోటీల మీద 2014లో ఏకంగా సుప్రీంకోర్టు తీర్పే వచ్చింది. అయినా ఆ అభిమానం చావలేదు. తీర్పులోని న్యాయాన్యాయాల సంగతి తర్వాత మాట్లాడుకుందాం. ముందు ఆ వేళ్ళు ఎక్కడున్నాయో చూడాలి.

నల్లరేగడిని దున్నడం తేలికపాటి పశువు వల్ల కాదు. వానకు బంకలా అంటుకునే ఈ మట్టి ఎండకు నెర్రెలు విచ్చి రాయిలా బిగుస్తుంది. గుంటక తోలాలన్నా, పత్తి సాళ్ళ మధ్య పాపటగుంటకతో కలుపు తీయాలన్నా, దిగబడే బాటలో బండి లాగాలన్నా ఎత్తూ బరువూ ఉన్న ఎద్దే కావాలి. గుండ్లకమ్మకు అటూ ఇటూ ఉన్న పల్లెల్లో రైతులు తరతరాలుగా ఎంచి పెంచిన జాతి అలాంటిదే. ఎంపిక ఎంత పట్టుదలగా సాగిందో తెలియాలంటే ఆంబోతును వదిలే ఆచారం చూడాలి. ఇంట్లో పెద్దవాళ్ళు పోతే వాళ్ళ పేరున ఒక కోడెను అచ్చువేసి ఊరికి వదిలేవారు. ఆ కోడెను ఊరి పెద్దలు చూసి, మేలైనదని ఒప్పుకోవాలి. అంటే ఊరి ఆవులకు పుట్టబోయే దూడల నాణ్యత ఊరందరి పూచీ. ఇక మేత. జొన్న చొప్ప, ఉలవలు, తెలగపిండి, వీటితోపాటు పత్తి గింజలు. దూది మిల్లుకు పోతే గింజ పశువుల గాటికి వచ్చేది. పత్తి పండిన కొద్దీ ఎద్దు బలిసింది, ఎద్దు బలిసిన కొద్దీ మరింత రేగడి సాగులోకి వచ్చింది. ఈ పశువుల విలువను మనకంటే ముందు గుర్తించినవాళ్ళు సముద్రం అవతల ఉన్నారు. బ్రెజిల్ వాళ్ళు వీటిని నెల్లూరు పేరు మీద నెలోర్ అని పిలుచుకున్నారు. 1960ల మొదట్లో ఒంగోలు పక్కనున్న కరవది నుంచి వెళ్ళిన ఆంబోతు ఆ ఊరి పేరుతోనే అక్కడ ప్రసిద్ధికెక్కింది. ఇవాళ 20 కోట్లు దాటిన బ్రెజిల్ పశుసంపదలో అత్యధిక భాగంలో ఉన్నది ఈ రక్తమే.

ఇంత శ్రద్ధగా పెంచిన బలాన్ని పక్క ఊరి బలంతో పోల్చి చూడాలనిపించడం సహజం. బండలాగుడు ఆ పోలికకు ఏర్పడిన పద్ధతి. బరి అంటే పొడుగ్గా చదును చేసి, రాళ్ళేరి, మట్టి మెత్తగా పరిచిన పట్టీ. దాని మీద క్వింటాళ్ళ బరువున్న రాతిబండ, కాడికి గొలుసు. జతకు ఇంత సమయమని ముందే కడతారు. ఎడ్లు బండను ఈ కొస నుంచి ఆ కొసకు లాగాలి, అక్కడ తిరిగి మళ్ళీ ఇటు లాగాలి. గడువు ముగిసి ఈల పడగానే బండ ఎక్కడ ఆగితే అక్కడిదాకా టేపు పట్టి కొలుస్తారు. ఫలితం అడుగుల్లో, అంగుళాల్లో మైకులో చెబుతారు. వేల అడుగులు లాగిన రెండు జతల మధ్య బహుమతి ఒక్కోసారి కొద్ది అడుగుల తేడాతో తేలిపోతుంది. అందుకే బరి చుట్టూ ఉన్నవాళ్ళ కళ్ళు ఎడ్ల వేగం మీద కంటే మలుపు మీద ఉంటాయి. మలుపు దగ్గర లోపలి ఎద్దు దాదాపు నిలిచిన చోటే కాళ్ళు మార్చుకోవాలి, బయటి ఎద్దు చుట్టు తిరిగి రావాలి. దాపటెద్దు ఒక్క అడుగు తొందరపడినా, వలపటెద్దు ఒక్క అడుగు మొరాయించినా గొలుసు వదులై బండ ఆగుతుంది. ఆగిన బండను కదిలించడానికి పట్టే సత్తువ, కదులుతున్న బండను లాగడానికి పట్టేదానికంటే ఎక్కువ. కాబట్టి మలుపులో పోయిన క్షణాలకు ఊపిరి రూపంలోనూ మూల్యం చెల్లించాలి. తోలే మనిషి నేర్పంతా ఇక్కడ బయటపడుతుంది. మొదటి నిమిషాల్లో జతను విచ్చలవిడిగా వదిలినవాడు చివరి నిమిషాల్లో బతిమాలుకోవాలి. మొదట పట్టి ఉంచినవాడు ఆఖర్లో రెండు రౌండ్లు అదనంగా రాబట్టుకుంటాడు. ఫార్ములా వన్ చూసేవాళ్ళకు ఈ లెక్క కొత్తేమీ కాదు. టైర్లను మొదట్లోనే అరగదీసుకున్న డ్రైవరు చివరి ల్యాపుల్లో వెనకబడటమూ, దాచుకున్నవాడు దాటేయడమూ వాళ్ళు వారం విడిచి వారం చర్చించుకునేదే.

పోటీల విభాగాలు చూస్తే ప్రేక్షకుడికి ఎంత తెలుసో ఇంకా స్పష్టమవుతుంది. పాలపళ్ళు, రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు, ఆ పైన జూనియర్లు, సీనియర్లు. పశువుకు ముందరి కింది పళ్ళు రెండేసి చొప్పున మారతాయి. రెండో ఏడు దాటాక మొదటి జత, ఆ తర్వాత ఇంచుమించు ఏడాదికో జత, అయిదో ఏటికి ఎనిమిదీ నిండుతాయి. పుట్టిన తేదీ కాగితం లేని లోకంలో దవడే ధ్రువపత్రం. ఈ వర్గీకరణ ఏ అధికారీ కూర్చుని రాసింది కాదు. సంతలో ఎద్దును కొనేటప్పుడు నోరు తెరిచి చూసే రైతు చూపే పోటీ నిబంధనగా మారింది. మోటారు పందేల్లో ఇంజను పరిమాణాన్ని బట్టి తరగతులు పెట్టడం వెనక ఉన్నదీ ఇదే బుద్ధి: సమానుల మధ్య పోటీ పెడితేనే తోలేవాడి పనితనం తెలుస్తుంది. అందుకే ఇక్కడి అభిమాని గెలిచిన జతకు చప్పట్లు కొట్టి ఊరుకోడు. ఎవరి జత, ఏ ఊరిది, నిరుడు ఏ పళ్ళ మీద ఎన్ని అడుగులు లాగింది, ఈ ఏడు పక్క ఎద్దును ఎందుకు మార్చారు, కొత్త తోలకం కలిసొచ్చిందా లేదా – ఇవన్నీ అతని నోట ఉంటాయి.

ఇది ఊరి పౌరుషం తప్ప అభిమానం కాదనీ, కులమూ పరపతీ డబ్బూ ఇందులో చాలా ఉన్నాయనీ అభ్యంతరం చెప్పేవారికి నేను అడ్డు చెప్పను. ఉన్నాయి. మంచి జతను మేపడం ఇవాళ సన్నకారు రైతు వల్ల అయ్యే పని కాదు. కానీ పౌరుషం ఉన్నంత మాత్రాన తెలివిడి లేదని ఎలా అంటాం? ఇటలీలో ఎమీలియా ప్రాంతం చూడండి. అదీ వ్యవసాయపు మైదానమే. ద్రాక్షతోటల రైతుబిడ్డ ఫెరుచ్చో లాంబోర్గిని 1948లో ట్రాక్టర్లు చెయ్యడం మొదలుపెట్టి, 1963లో కార్లకు వచ్చాడు. ఎంజో ఫెరారి తండ్రిది మోదెనాలో లోహపు పనుల కార్ఖానా. ఫెరారి ఎర్రజెండాలు పట్టుకుని ఊగిపోయే ఇటలీ జనంలో ఊరి పౌరుషం తక్కువేమీ కాదు. అది ఆ వర్క్‌షాపుల మధ్య పెరిగిన తెలివిడితో కలిసే ఉంది. రెంటినీ విడదీసి ఒకటి నిజం, ఒకటి వేషం అనడం చరిత్రకు పొసగదు.

ఇంకొక అభ్యంతరం గట్టిది. బండలాగుడులో వేగం లేదు, మోటారు లేదు, దాన్ని మోటారు పందెం పక్కన ఎలా నిలబెడతారు? దీనికి జవాబు అమెరికా పల్లెల్లో ఉంది. అక్కడా గుర్రాల చేత బరువు లాగించే పోటీలు ఉండేవి. పొలంలోకి ట్రాక్టరు వచ్చాక ఆ రైతులే 1929 నాటికి ట్రాక్టర్ల చేత అదే పని చేయించారు. బరువు లాగాలి, ఎంత దూరం లాగితే అంత గొప్ప. ఇవాళ ఆ ట్రాక్టర్ పుల్లింగు సొంత సమాఖ్యలూ తరగతులూ ఉన్న మోటారు క్రీడ. బాట పొడవు 300 అడుగులు, ఫలితం చెప్పేది దూరంలో. అంటే పశువు నుంచి మోటారుకు పందెం మారినప్పుడు నియమం మారలేదు, చూసే కన్నూ మారలేదు. మరి మన దగ్గర ట్రాక్టరు వచ్చినా పందెం ఎద్దు దగ్గరే ఎందుకు ఆగింది? దానికి జవాబు కోసమే కోయంబత్తూరు వెళ్ళాలి.

విజయనగర, నాయక రాజుల కాలంలో తమిళదేశానికి వలసపోయిన తెలుగు రైతులు అక్కడా నల్లరేగడి ఉన్న తావులనే ఎక్కువగా ఎంచుకున్నారని చరిత్రకారులు గుర్తించారు. ఆ మట్టిని ఎలా సాగుచెయ్యాలో వాళ్ళకు తెలుసు మరి. కోయంబత్తూరు చుట్టుపక్కల నాయుళ్ళు అలా స్థిరపడినవాళ్ళే. ఇరవయ్యో శతాబ్ది మొదట్లో కంబోడియా పత్తి వచ్చింది. దానికి బావినీళ్ళు కావాలి, బావి లోతైతే తోడే యంత్రం కావాలి, యంత్రం చెడితే బాగుచేసే చెయ్యి కావాలి. జి. కుప్పుస్వామి నాయుడు 1910లో లక్ష్మీ మిల్స్ పెట్టాడు. 1893లో కలంగల్ అనే పల్లెలో పుట్టిన జి.డి. నాయుడు 1920లో ఒక బస్సుతో మొదలుపెట్టి, పెద్ద రవాణా సంస్థను నడిపి, యంత్రాలు విప్పి బిగించడాన్నే బతుకుగా చేసుకున్నాడు. 1930ల మొదట్లో పైకారా జలవిద్యుత్తు అందింది. 1937లో కోయంబత్తూరులోనే డి. బాలసుందరం నాయుడు, జి.డి. నాయుడు కలిసి దేశంలో తొలి ఎలక్ట్రిక్ మోటారు తయారుచేశారు. పంపుసెట్లు, మిల్లు యంత్రాలు, వాటికి పోతపనులు – రెండు తరాల్లో పత్తిరైతుల ఇళ్ళు మోటారు విప్పగలిగినవాళ్ళతో నిండిపోయాయి.

ఆ ఇళ్ళలోంచే పందెగాళ్ళు వచ్చారు. మద్రాసు దగ్గర షోళవరంలో యుద్ధకాలపు పాత విమానపు బాట మీద మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ దశాబ్దాలపాటు పందేలు నడిపింది. లక్ష్మీ మిల్స్ కుటుంబానికి చెందిన ఎస్. కరివర్ధన్ అక్కడ పేరు తెచ్చుకున్న డ్రైవరు. నా లెక్కలో అతను చేసిన అసలు మేలు డ్రైవింగు కాదు. మారుతి 800 ఇంజనుతో ఒంటిసీటు పందెపు కారు కట్టి, ఫార్ములా మారుతిగా దాన్ని కుర్రవాళ్ళకు అందుబాటులోకి తేవడం. విదేశీ కారు కొనలేని మధ్యతరగతి పిల్లవాడు పందెంలో దిగగలిగింది అందువల్లే. 1995లో విమాన ప్రమాదంలో అతను పోయాడు. కోయంబత్తూరు పక్క చెట్టిపాళయం పందెపు బాటకు అతని పేరే పెట్టారు. దక్షిణభారత ర్యాలీలో పదేపదే గెలిచిన జి.ఆర్. కార్తికేయన్ కొడుకు నరైన్, ఆ ఫార్ములా మారుతిలోనే తొలి పందెం తోలాడు. 1994లో బ్రిటన్‌లో ఫార్ములా ఫోర్డ్ వింటర్ సిరీస్, 1996లో ఫార్ములా ఆసియా గెలిచాడు. 2005లో జోర్డాన్ జట్టు తరఫున ఫార్ములా వన్‌లో అడుగుపెట్టిన తొలి భారతీయుడయ్యాడు. ఆ జూన్ 19న ఇండియానాపొలిస్‌లో మిషెలిన్ టైర్ల జట్లన్నీ తప్పుకోగా ఆరు కార్లే పరిగెత్తిన పందెంలో నాలుగో స్థానం, 5 పాయింట్లు సంపాదించాడు. ఆ నాలుగో స్థానాన్ని చిన్నచూపు చూసేవాళ్ళున్నారు. పందెం ముగించినవాడికే పాయింట్లు వస్తాయన్నది బండలాగుడు చూసినవాళ్ళకు విడమర్చి చెప్పనక్కర్లేదు.

ఇక్కడే గుంటూరు ఎందుకు కోయంబత్తూరు కాలేదన్న సంగతి తేలుతుంది. మన పత్తిరైతు యంత్రం దాకా పోలేదు. 1855లో విజయవాడ ఆనకట్ట, 1967లో నాగార్జునసాగర్ కుడికాలువ – నీళ్ళు పల్లానికి తమంతట తామే పారి వచ్చాయి. కాలువ నీటికి తోడే మోటారు అక్కర్లేదు, మోటారు లేనిచోట పోతపని కొలిమి వెలగదు. ఇక్కడి మిగులు డబ్బు వ్యాపారానికి, పొగాకుకు, మిర్చి టిక్కీల కొనుగోలుకు, పిల్లల చదువులకు, సినిమాలకు పోయింది. విజయవాడ ఆటోనగర్‌లో వేలమంది మెకానిక్కులున్నారు కదా, అక్కడ పందెం ఎందుకు పుట్టలేదని ఎవరైనా నిలదీస్తే నా వాదన కొంత సవరించుకోవాలి. చెయ్యి తెలిసినవాళ్ళుంటే చాలదు, పరిగెత్తడానికి చోటూ, పోషించే స్థానికుడూ కావాలి. షోళవరంలో విమానపు బాట ఖాళీగా దొరికింది, కరివర్ధన్ లాంటివాడు దొరికాడు. ఆటోనగర్ లారీలకు ఆ రెండూ లేవు. మన ఎద్దుకు రెండూ ఉన్నాయి: పంట కోసిన చేను ఊరికొకటి, జతను మేపే ఆసామి ఊరికి ఇద్దరు. పందెం ఎద్దు దగ్గరే ఆగడానికి కారణం ఇది. వెనకబాటు అనడం పొరపాటు.

అయితే మోటారుకూ ఎద్దుకూ మధ్య ఒక తేడాను ఏ పోలికా పూడ్చలేదు. డ్రైవరు తన ఇష్టంతో కారెక్కుతాడు. ఎద్దును ఎవరూ అడగరు. 2011లో కేంద్రం ప్రదర్శనకు వాడకూడని జంతువుల జాబితాలో ఎద్దును చేర్చింది. 2014 మే 7న సుప్రీంకోర్టు ఎద్దుల పోటీలు క్రూరత్వమేనని తీర్పిచ్చింది. 2023 మే 18న రాజ్యాంగ ధర్మాసనం తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్రలు చేసుకున్న చట్ట సవరణలను సమర్థించింది. సంప్రదాయం అన్న ఒక్క మాటతో 2014 తీర్పు అడిగిన ప్రశ్నను దాటవేయడం నాకు ఇష్టం లేదు. ముల్లుకర్రతో పొడవడం, తోక మెలిపెట్టడం, సత్తువకు మించిన బరువు కట్టడం – వీటిని సమర్థించే అభిమాని తన అభిమానాన్ని తానే అవమానించుకుంటున్నాడు. కొట్టి లాగించిన అడుగులు తోలకం కిందికి రావు. మోటారు పందేలు కూడా చట్టం ముందు నిలబడి మారాయి. 1955 జూన్ 11న లమాన్‌లో కారు జనంలోకి దూసుకుపోయి 80 మందికి పైగా చనిపోతే స్విట్జర్లాండ్ బాటల మీద కార్ల పందేలనే దశాబ్దాలపాటు నిషేధించింది. మిగిలిన దేశాలు గోడలు, కంచెలు, దూరాలు, నియమాలు పెంచుకుంటూ వచ్చాయి. పందెం బతికింది ఆ నియమాల వల్లే. బండ బరువుకు పరిమితి, కర్ర లేని తోలకం, బరి దగ్గర పశువైద్యుడు, ఎండవేళ విరామం – ఇవి రాసిపెట్టి, తప్పితే జతను పక్కనపెట్టే ధైర్యం నిర్వాహకులకు ఉండాలి. ఒంగోలు జాతిని ప్రేమిస్తున్నామనేవాళ్ళు అడగవలసిన మొదటి షరతు ఇదే.

ఇంకో కష్టమూ ఉంది. దుక్కికి ట్రాక్టరు వచ్చాక ఇంట్లో ఎడ్లున్న రైతు అరుదైపోయాడు. పోటీ జతలు ఇవాళ పొలం మొహం చూడవు, పందెం కోసమే మేస్తాయి. చేత్తో ఎరిగిన జనమే అభిమానులైతే, పగ్గం పట్టని తరం వచ్చాక ఏమవుతుంది? పాతికేళ్ళ కుర్రవాడికి పళ్ళు చూడటం రాదు, ఆదివారం రాత్రి మాక్స్ వెర్‌స్టాపెన్ ల్యాపు సమయాలు మాత్రం నోటికొచ్చు. ఎప్పుడూ స్టీరింగు పట్టనివాళ్ళు కూడా డ్రైవర్లను ప్రేమించగలరని అతనే నిదర్శనం కదా అని అడగవచ్చు. ప్రేమించగలరు. తెర మీద మనిషిని చూసి కలిగే ఇష్టం నిజమైనదే. కానీ ఆ ఇష్టం ఆ మనిషి గెలుపోటములతో పెరిగి తరుగుతుంది. పందేన్ని నిలబెట్టేది, ఓడిన జత ఎందుకు ఓడిందో తెలిసి మళ్ళీ ఏడూ వచ్చేవాడు. అలాంటివాణ్ణి తయారుచేసే చోటు ఇప్పుడు గొడ్లచావిడి కాకపోవచ్చు. 2007 నుంచి దేశంలో జరుగుతున్న బాహా పోటీల కోసం ఇంజనీరింగు విద్యార్థులు ఇనుపగొట్టాలు వెల్డింగు చేసి, చిన్న ఇంజను బిగించి, గుంతల దారిలో తట్టుకునే బండిని తామే కట్టుకుంటారు. మన రాష్ట్రపు కళాశాలల జట్లూ వాటికి వెళ్తున్నాయి. గుంటూరు చుట్టూ అంత దండిగా ఇంజనీరింగు కళాశాలలున్నాయి, వాటి పిల్లల్లో చాలామంది తాతలు పత్తిచేలో గుంటక తోలినవాళ్ళే. కరివర్ధన్ చేసిన పని ఇక్కడ చెయ్యడానికి కావలసింది మూడు నాలుగు కళాశాలలు కలిసి వేసుకునే ఒక మైలు బాట, అందులో ఒకే నమూనా చవక బండ్ల పోటీ, ఫీజు కట్టలేని పిల్లవాడికీ సీటు. కృష్ణలో పడవలకూ హుస్సేన్‌సాగర్ ఒడ్డున కార్లకూ అయిన ఖర్చులో ఇది ఎన్నో వంతో లెక్కవేయవలసింది ప్రభుత్వాలు.